టిక్కుమన్న ఇసుక

మొన్న ఒక కాలేజీ సైన్సు ప్రదర్శనలో చిన్న పెట్టె టిక్కు టిక్కుమంటుంటే నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

పంతొమ్మిది వందల అరవైలలో, నా చిన్నప్పుడు, జువ్వలదిన్నె దగ్గరున్న మా పల్లెకు ఇసుకను పరీక్షించే ఆఫీసరొకాయన అలాంటి పెట్టెతోనే వచ్చాడు. సముద్రం ఒడ్డున నల్ల ఇసుక మీద పెడితే అది గబగబా టిక్కుమనేది. ఎందుకని అడిగాను.

"దీంట్లోంచి కంటికి కనపడని కిరణాలు వస్తాయి పాపా. ప్రాణమున్న ఇసుక అనుకో" అని నవ్వాడు.

ఆ వారమే జ్వరంతో పోయిన మా పసి తమ్ముణ్ణి నాయన సరుగుడు చెట్ల కింద పూడ్చాడు. ఆఫీసరును అక్కడికి తీసుకుపోయి, సంగతి చెప్పకుండా, "ఇక్కడ పెట్టు సామీ" అన్నాను. పెట్టె ఆగి ఆగి టిక్కుమంది. నేను ఇంటికి పరుగెత్తాను.

"అమ్మా, తమ్ముడు బతికే ఉండాడు!"

అమ్మ పరుగున వచ్చి రెండు చేతులతో ఇసుక తోడింది. నాయన లాగినా ఆగలేదు. సంగతి తెలిసి ఆఫీసరు ముఖం పాలిపోయింది. పెట్టెను దూరంగా ఉత్త ఇసుక మీద పెట్టాడు, తరువాత తన అరచేతిలో పెట్టుకున్నాడు. రెండు చోట్లా అది అలాగే ఆగి ఆగి టిక్కుమంది.

"ఎక్కడైనా ఇంతేనమ్మా. నేలలో, గాలిలో, మన ఒంట్లో, అంతటా కొంచెం ఉంటుంది" అన్నాడు.

అప్పటికే గుంటలో తెల్లగుడ్డ అంచు బయటపడింది. అమ్మ చేతులు ఆగాయి.

"కప్పెయ్యి" అంది నాయనతో. "బిడ్డకి ఎండ తగల్తా ఉండాది."

అంతటా ఉంటుందని ఆఫీసరు అబద్ధమాడాడనే నేను చాలా ఏళ్లు అనుకున్నాను. కాలేజీలో రేడియోధార్మికత పాఠం విన్న రోజున గాని తమ్ముడు పోయాడని ఒప్పుకోలేకపోయాను.