ఆషాఢంలో బావని పదకొండుసార్లు ఓడించాను

ఆ రోజుల్లో నా కోపం ముక్కు మీదే కాపురం పెట్టేది. అన్నం తింటున్నా, పుస్తకం పట్టుకున్నా అక్కణ్ణుంచి దిగేది కాదు. ఇప్పుడంటే పెద్దదాన్నయ్యాను, ఉద్యోగం చేస్తున్నాను, నెమ్మదస్తురాలినని నలుగురిలో పేరు కూడా తెచ్చుకున్నాను (ఆఫీసులో మాత్రమే. ఇంట్లో ఎవరినీ అడగకండి). కానీ ఆ ఆషాఢం సంగతి ఎవరైనా ఎత్తారంటే నవ్వు రాకముందే ఒళ్ళు మండుతుంది. తప్పెవరిదో మీరే చెప్పండి. నాదేనని తొందరపడి మాత్రం అనేయకండి.

మా ఇల్లు బరంపురంలో, లంజిపల్లిలో. నాన్న పొద్దున్నే ఛత్రపూర్ ఆఫీసుకి వెళ్ళిపోతే ఇంట్లో మిగిలేది నాయనమ్మ, అమ్మ, అక్క, నేను. సూరత్‌లో పనిచేసే చిన్నాన్న ఒకసారి వస్తూ వస్తూ టీవీకి తగిలించి ఆడుకునే గేమ్ పెట్టె తెచ్చాడు. దానికి రెండు రిమోట్లు. నీలంది అక్కది, ఎర్రది నాది. అందులో రెండు ఆటలంటే మాకు ప్రాణం. ఒకటి కార్ల పందెం. రెండోది జంతువుల కుస్తీ. నెత్తురూ గిత్తురూ ఏమీ ఉండదు. ఎలుగుబంటీ, కప్పా, కోడిపుంజూ చేతులకి గ్లవుజులు తొడుక్కుని చెక్క వంతెన మీద గుద్దులాడుకుంటాయి. ఓడినది చెరువులో పడి, తడిసి, తుమ్ముకుంటూ పైకొస్తుంది. అక్క ఎలుగుబంటి, నేను కప్ప. ప్లస్ టూ రెండేళ్ళూ నేను ఆ కప్పగానే బతికాను. ఆ వేసవిలో అక్కకి పెళ్ళయింది. చికిటి సంబంధం, బావకి విత్తనాల కొట్టు. అప్పగింతలప్పుడు అందరూ ఏడ్చారు గానీ నేను ఏడవలేదు. ఆషాఢం రాగానే కొత్త కోడలు పుట్టింటికి రావాల్సిందే కదా! ఆ నెలలో అత్తా అల్లుడూ ఒకే గడప దాటకూడదు కాబట్టి బావ మా ఇంటి ఛాయలకి కూడా రాడు. డిగ్రీలో సీటు ఇంకా రాలేదు, నాకూ పనేమీ లేదు. నెల నెలంతా అక్క నాదే. ఆ ఒక్క ధైర్యంతోనే నేను కళ్ళు తుడుచుకోకుండా నిలబడ్డాను.

అక్క వచ్చింది. మొదటి రెండు రోజులూ స్వర్గమే. మూడో రోజు మధ్యాహ్నం రెండు గంటలకి మా కార్ల పందెంలోకి ఎక్కణ్ణుంచో ఒక పచ్చకారు వచ్చి పడింది. "ఎవరే ఇది?" అన్నాను. అక్క ముఖం మతాబాలా వెలిగిపోయింది. "మీ బావేనే. అచ్చం మనదానిలాటి పెట్టే కొన్నారంట. ఇంటర్నెట్ మీద అక్కణ్ణించే ఆడొచ్చంట!" అంది. ఇక చూసుకోండి, కొట్టు మూసి భోజనం చేయగానే ఆ మహానుభావుడు రోజూ తయారు. పోనీ పందెమన్నాక పరిగెత్తాలా వద్దా? ఇద్దరి కార్లూ పక్కపక్కన, ఎడ్లబళ్ళలా, ఊసులాడుకుంటున్నట్టు నడుస్తాయి. వెనకొచ్చిన కార్లన్నీ హారన్ కొట్టుకుంటూ దాటిపోయినా వీళ్ళకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ఒకరోజైతే సముద్రపు ఒడ్డు మలుపు దగ్గర రెండు కార్లూ ఆపి కూర్చున్నారు. పందెం మధ్యలో, సముద్రం చూస్తూ! "ఎల్లవే, ముందుకెల్లు!" అని నేను గోల పెడితే, "ఉండవే, సూడు, ఎంత బావుందో" అంటుంది మా అక్క. నేను మాత్రం ఎర్ర రిమోట్ ఒళ్ళో పెట్టుకుని బొమ్మలా కూర్చోవాలి. ఇంటర్నెట్ మీద ఆడితే ఆ ఆట ఇద్దరికేనట, మూడోవాళ్ళకి చోటు లేదట.

నాకు తిక్కరేగి నాయనమ్మకి ఫిర్యాదు చేశాను. "నాయనమ్మా, ఆషాఢమని సూడకుండా బావ రోజూ మనింటికి ఒచ్చేస్తన్నాడు."

"ఎక్కడికే?"

"టీవీలోకి."

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని వచ్చి, టీవీ ముందు పీట వేసుకుని కూర్చుని, చాలాసేపు పరకాయించి చూసింది. "ఆ పచ్చ కారేనా అల్లుడు బాబు?" అంది. అవునన్నాను. "మరి గడప ఏదే?" అంది. గడప లేదు, అంతా రోడ్డేనన్నాను. "అయితే తప్పు నేదు. రోడ్డు మీద ఎవులైనా ఎల్తారు" అని తీర్పు చెప్పి పీట తీసుకుని లేచిపోయింది. చూశారా! ధర్మం కూడా ఆయన పక్కనే!

ఆ మర్నాడు అక్కా అమ్మా జాకెట్ల పనిమీద టైలర్ దగ్గరికి బయల్దేరారు. "బావొస్తే నేను లేనని తెలుసుకుంటార్లే. నువ్వు మాత్రం నా రిమోట్ ముట్టకు" అని మరీ చెప్పి వెళ్ళింది అక్క. ఆ తొందరలో ఫోన్ ఛార్జర్‌కే వదిలేసింది. రెండు గంటలయింది. టీవీలో కబురొచ్చింది, ఈసారి కుస్తీకి. కోడిపుంజు వేషం కట్టి వంతెన మీద నిలబడ్డారు బావగారు. నేను నీలం రిమోట్ తీసుకున్నాను. అక్క పేరుతో, అక్క ఎలుగుబంటితో దిగాను. ఇది మా అక్కని తీసుకుపోయినందుకు, అని ఒక్క గుద్దు. పుంజు చెరువులో. ఇది సముద్రం చూసినందుకు. మళ్ళీ చెరువులో. తడిసి తుమ్ముకుంటూ పైకి రావడం, చేతులు దించుకుని నిలబడటం, నేను తోసేయడం. పదకొండుసార్లు, మీరు నమ్మండి! ఇంత చేతకాని మనిషికా మా అక్కనిచ్చారు అని మావాళ్ళందరి మీదా జాలేసింది. మధ్యలో అక్క ఫోన్ మోగింది, బావే. ఫోన్ బోర్లా తిప్పి దాని మీద దిండు పెట్టాను. ఆరుసార్లు మోగి ఊరుకుంది. నేను పెట్టె కట్టేసి, నాకేమీ తెలియనట్టు రెండు జంతికలు తిన్నాను.

చికిటి నుంచి మా ఇంటికి బండి మీద గంట ప్రయాణం. అక్కా వాళ్ళూ వచ్చి గొడుగులు ముడుస్తున్నారో లేదో, గేటు ముందు మోటార్ సైకిల్ ఆగింది. వానలో నిలువునా తడిసి, హెల్మెట్ కూడా తియ్యకుండా బావ మెట్లెక్కి వచ్చేస్తున్నాడు. "బాబూ, ఆగండి! గడప దాటకండి!" అని నాయనమ్మ రెండు చేతులూ అడ్డం పెట్టింది. అమ్మ పరుగున వంటింట్లో దూరి తలుపేసుకుంది. బావ వరండాలో ఆగిపోయాడు.

"ఏటయింది బాబూ? ఇంటికాడ అందరూ బాగున్నారా?"

"అందరూ బాగున్నారు నాయనమ్మగారూ, నాకే బాగోనేదు. మీ మనవరాల్ని అడగండి! పదకొండు సార్లు సెరువులో తోసింది. ఫోన్ సేస్తే ఎత్తదు. నాను సేసిన తప్పేటో సెప్తే దిద్దుకుంటాను గదా! ఇలా సెప్పకుండా కోపం పడితే మనిషి ఏటయిపోవాలి?" అన్నాడు.

"నేనా?" అంది అక్క తెల్లబోయి. తర్వాత మెల్లగా నా వైపు తిరిగింది. మరుక్షణం నా జడ దాని చేతిలో ఉంది. "నా మొగుణ్ణి సెరువులో తోస్తావా? ఆయన వానలో అంతదూరం ఒస్తా ఏ లారీ కిందైనా పడుంటే?" అని అరిచింది. నేను మాత్రం తక్కువ తిన్నానా? "తోస్తాను! ఏడాది పొడుగునా ఆయనకాడే ఉంటావు. నాకిచ్చింది ఒక్క నెల! అదీ ఆయనే లాక్కుంటే నేనేటి సెయ్యాలి? నువ్వొచ్చి పదిరోజులయింది, నాతో ఒక్కపూట ఉన్నావా?" అన్నాను. అన్నానో లేదో, పెళ్ళినాడు ఆపుకున్న ఏడుపంతా అప్పుడు వచ్చింది. అక్క జడ వదిలేసింది.

బయట కిటికీ దగ్గర నవ్వు వినబడింది. "అది నువ్వా మరదలా! హమ్మయ్య!" అంటూ బావ తడిబట్టలతోనే కుర్చీలో కూలబడ్డాడు. నేనేడుస్తుంటే నవ్వా! నాకు మళ్ళీ తలకెక్కింది. "నవ్వకండి! గెలిచింది నేను. కావాలంటే ఇప్పుడాడండి!" అన్నాను. చెయ్యి మాత్రం లోపలికి వస్తే తప్పులేదని నాయనమ్మ అనుమతి ఇచ్చింది. కిటికీ ఊచల్లోంచి నీలం రిమోట్ అందించాం. నేను నా కప్పతో దిగాను. వేలు కదిపేలోపు కప్ప చెరువులో ఉంది. రెండోసారీ అంతే. అయిదోసారికి నేను రిమోట్ నేలకేసి కొట్టాను. "మరి మధ్యాన్నం ఎందుకు దెబ్బలు తింటా నిలబడ్డారు?"

బావ అక్క వైపు చూడకుండా, తల తుడుచుకుంటూ అన్నాడు. "మీ అక్కనుకున్నాను. కోపమొచ్చింది, కొట్టనీ అనుకున్నాను. తనని నాను ఎలా కొడతాను?"

ఆ ఏడాదిలో నా ఏకైక ఘనకార్యం అది, అదీ ఊడ్చిపెట్టుకుపోయింది. ఎంత మండిందో చెప్పలేను. మర్నాటి నుంచీ రెండు గంటలకి బావ రాలేదు. కొట్లో పని ఎక్కువుందని అక్కతో చెప్పాడట. శ్రావణం వచ్చేదాకా ఆ పని అలాగే ఉంది. మిగిలిన ఇరవై రోజులూ అక్క నాతోనే, నా కప్పతోనే ఆడింది. ఆయన మీద కోపగించుకోవడానికి ఏ వంకా దొరక్క నేను నానా అవస్థా పడ్డాను.

ఇప్పుడు నాకూ పెళ్ళయింది. మా ఆయనా ఆడతాడు. మొహమాటం లేని మనిషి, ఒక్కసారంటే ఒక్కసారి కూడా నన్ను గెలవనివ్వడు. మొన్న ఆదివారం వరసగా ఏడోసారి ఓడిపోయాక ఇక పట్టలేక, వీధి వీధంతా వినేలా, "కట్టుకున్నదాన్ని ఇలా కొడతారా ఎవరైనా? మా బావని సూసి నేర్చుకోండి!" అని అరిచాను. అరిచి, ఆ మాట అన్నది నేనేనా అని నోరు తెరుచుకుని అలాగే కూర్చుండిపోయాను.