ఆయమ్మ మెచ్చుకున్న చేతులు

మూడేళ్లుగా పక్షవాతంతో మంచాన పడి ఉన్న మనిషి వీపు చూసి డాక్టరు ఆశ్చర్యపోయాడు. ఎక్కడా ఒక్క పుండు లేదు. ఆయన ఆ ఇంటి పెద్దకొడుకు భుజం తట్టి, "కన్నతండ్రిని చూసుకుంటే ఇలా చూసుకోవాలయ్యా" అన్నాడు. పెద్దకొడుకు వినయంగా తల దించుకుని, "ఏదో, మా శక్తి కొద్దీ" అన్నాడు. ఆ మూడేళ్లూ రెండు గంటలకోసారి భర్తను పక్కకు తిప్పిన మనిషి బేసిను పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. డాక్టరుకు అడ్డంగా ఉందని ఆవిణ్ణి పక్కకు జరగమన్నారు.

నలుగురు చేరిన ప్రతిచోటా పెద్దకొడుకు ఈ కథ చెప్పేవాడు. బేసిను సంగతి మాత్రం కోడళ్లు చెప్పుకునేవారు.

అది విన్నప్పటినుంచీ ఆవిడ మునిమనవడికి కడుపు మండుతూనే ఉంది. అతనికి ఇరవై నాలుగేళ్లు. మూడు ఉద్యోగాలు మానేశాడు, నాలుగోది అతన్ని మానేసింది. పాతకాగితాల కొట్లో తూకానికి కొన్న పుస్తకాలే అతని చదువు. వాటిలో చాలావాటికి మొదటి పేజీలుండవు. అందుకని లోకంలో అన్యాయం ఎక్కడ మొదలైందో తెలియదుగాని, ఎంతదాకా వచ్చిందో బాగా తెలుసు.

"నీకు కోపం రాదా తాతమ్మా?" అని అడిగేవాడు.

"ముందు ఆ బకెట్టు ఇలా తీసుకురా" అనేది ఆవిడ.

ఆవిడ ఆసుపత్రిలో ఆడవాళ్ల వార్డులో ఇరవై రెండేళ్లు ఆయాగా చేసింది. భర్త పడిపోయాక ఆ పని మానేసి ఇంట్లో అదే పనికి కుదురుకుంది, జీతం లేకుండా. ఆయన ఇంకో ఎనిమిదేళ్లు బతికాడు. వీధి మొత్తానికీ ఆవిడ ఆయమ్మే. బాలింతలున్న ఇళ్లకూ, పోయేవాళ్లున్న ఇళ్లకూ ఆవిడ కోసమే కబురొచ్చేది. అరచేతులు రెండూ రుద్దుకుని వెచ్చబడ్డాకే మనిషి మీద చెయ్యి వేసేది.

ఎనభై తొమ్మిదో ఏట బాత్‌రూములో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆ వయసులో ఆపరేషను వద్దన్నారు. రాత్రి వంతు మునిమనవడి తల్లికి, పగటి వంతు ఉద్యోగం లేని అతనికి వచ్చాయి.

"మనిషిని లాగకు, దుప్పటి లాగు. ముడత ఉండకూడదు. ముడత ఉన్నచోటే పుండు పుడుతుంది" అని మంచం మీంచే నేర్పింది ఆవిడ.

వారం తిరక్కుండానే ఆయమ్మ, చూడ్డానికి వచ్చిన వాళ్లందరితో, "మావాడి చెయ్యి పడితే నొప్పే తెలీదమ్మా. ఇన్నేళ్లలో ఇలాంటి చెయ్యి చూళ్లేదు" అనడం మొదలుపెట్టింది. మునిమనవడు పుస్తకంలోంచి తలెత్తకుండానే పొంగిపోయేవాడు. కొన్నాళ్లకు పుస్తకం తెరవడం కూడా మానేసి, రెండు గంటలు అవుతాయనగానే గడియారం కింద నిలబడేవాడు.

ఒకరోజు ఆ డాక్టరు దగ్గర పనిచేసిన ముసలి కాంపౌండరు చూడ్డానికొచ్చాడు. మునిమనవడు పాత అన్యాయం ఎత్తాడు.

"అన్యాయమేంటయ్యా?" అన్నాడు కాంపౌండరు నవ్వుతూ. "డాక్టరు లోపలికి రాకముందే ఈవిడే వసారాలో పట్టుకుని, అంతా మా పెద్దాడే చేస్తాడు, ఒక మాట మెచ్చుకోండి బాబూ అంది. నేను పక్కనే ఉన్నా."

మునిమనవడు ఆవిడ వైపు తిరిగాడు. ఆవిడ దాచలేదు.

"మీ తాత మీ ముత్తాతను ధర్మాసుపత్రిలో పడేద్దాం అంటున్నాడప్పుడు. మెచ్చుకున్నాక ఎలా పడేస్తాడు? పైగా ఆయన నేనొక్కదాన్నే మోయలేనంత బరువు. ఆ రోజునుంచీ రోజూ వచ్చి ఒక చెయ్యి వేసేవాడు."

"అంటే నన్నూ మునగచెట్టు ఎక్కించావా?"

"ఎక్కావుగా" అంది ఆయమ్మ.

ఇన్నేళ్లు దాచుకున్న కోపం ఎవరి మీద వెయ్యాలో అతనికి తోచలేదు. ఆవిడ మీదే వేశాడు. రెండు రోజులు గదిలోకి అడుగుపెట్టలేదు. పగలూ రాత్రీ తల్లే తిప్పింది, వంటకీ గిన్నెలకీ మధ్య వీలున్నప్పుడల్లా. మూడోరోజు పొద్దున తల్లి దుప్పటి పక్కకు తీసి చూపించింది. నడుం కింద రూపాయి బిళ్లంత ఎర్రమచ్చ. అతను అరచేతులు రుద్దుకున్నాడు.

మచ్చ పోవడానికి పది రోజులు పట్టింది. పుండు కాలేదు. ఆయమ్మ మళ్లీ ఎవరిముందూ అతన్ని మెచ్చుకోలేదు. అతనూ మానలేదు.

నాలుగో నెలలో ఒక మధ్యాహ్నం ఆవిణ్ణి గోడవైపు తిప్పి, దిండు సర్ది, మందులకు బయల్దేరబోతూ ఆగాడు. తిరిగొచ్చేసరికి ఆవిడ ఉండదని అతనికి తెలియదు.

"ఇప్పుడెవరూ లేరుగా తాతమ్మా. నిజం చెప్పు. నేను బాగా చేస్తానా?"

ఆవిడ దుప్పటి ముడత ఒకటి వేళ్లతో సరిచేసుకుంది.

"అంత బాగా ఏం చెయ్యవురా" అంది. "కానీ వస్తావు."