అవ్వ ఏరిన చుట్ట

కదిరి బస్టాండు వెనక సందులో ఒక ముసలాయన రేకుడబ్బా మూత తీయగానే, బెల్లం పాకమూ ఎండుగడ్డీ కలిసినట్టున్న ఘాటైన పొగాకు వాసన గుప్పున కొట్టి నేను అక్కడే నిలబడిపోయాను. మరునాడే పెద్దల అమావాస్య. పొద్దుటినుంచి చుట్ట కోసం బజారంతా తిరుగుతుంటే అంగళ్లవాళ్లు సిగరెట్లు చూపించి, ఈ వయసులో ఈమెకు ఇదేం రోగమన్నట్టు నా మొహం చూశారు.

మా తాతకు సన్న చుట్టలంటే చిన్నచూపు, వాటిని ఊదుబత్తీలు అనేవాడు. ముదిగుబ్బ దగ్గర మా ఊళ్లో శెనక్కాయ చేను చూసుకుని వచ్చి, రాగిసంగటీ ఊరుబిండీ కడుపునిండా తిని, వేపచెట్టు నీడన మంచమ్మీద కూర్చున్నాక గానీ చుట్ట బయటికి తీసేవాడు కాదు. మా వైపు పొడిగాలికి ఆకు పెళుసెక్కి పొడైపోతుందని అవ్వ చుట్టల్ని గుడ్డలో చుట్టి నీళ్లకుండ వారన చెమ్మలో దాచేది. ఆయన నిప్పుకణిక మీద చుట్ట కొనను తిప్పి తిప్పి వెచ్చబెట్టి, ఒక్క దమ్ము పీల్చి, పొగ మింగకుండా నోట్లోనే ఆడించి, కళ్లు సగం మూసి మెల్లగా వదిలేవాడు. బూడిద దులిపేవాడు కాదు, దానంతటది రాలాల్సిందే. ఆ కాసేపూ వాన మాట ఎవరూ ఎత్తకూడదు.

ఊపిరితిత్తులు చెడి మంచాన పడ్డాక డాక్టరు చుట్ట మాన్పించాడు. ఒక సాయంత్రం తాత ఒక్క దమ్ము ఇమ్మని అడిగితే, అవ్వ రేపిస్తాలే పండుకోమంది. తెల్లారేసరికి ఆయన లేడు. అవ్వ పక్కన పండుకునేది నేనే కాబట్టి ఆమె బాధ నాకు తెలుసు. "నోరు తెరిచి అడిగింది ఇయ్యకుండా పంపిస్తిని పాపా," అనేది.

పెద్దల అమావాస్యకు మా ఇళ్లలో పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ విస్తట్లో వడ్డించి, వాళ్లు నిమ్మళంగా తినాలని తలుపు మూసి అందరం బయట కూర్చుంటాం. ఓళిగలు, అలసంద వడలు, చిత్రాన్నం, తాతకైతే వీటి పక్కన వెలిగించిన చుట్ట. అది చివరిదాకా కాలితే పెద్దాయన తృప్తిగా తాగినట్టు, మధ్యలో ఆరితే అలిగినట్టు అని మా ఇంట్లో నమ్మకం.

ఆ చుట్ట కోసం అవ్వ నన్ను వెంటబెట్టుకుని కదిరి సంతకు పోయేది. జన్మలో చుట్ట ముట్టని మనిషి, తాత చేసినట్టే బొటనవేలితో నొక్కి చూసేది. రాయిలా ఉండకూడదు, బోలుగానూ ఉండకూడదు. చెవి దగ్గర పెట్టి నలిపి, పెళపెళమంటే పక్కన పడేసేది. నల్లబెల్లం రంగున్నవి ఏరి, వాటిలో అన్నిటికన్నా లావుదాన్ని తీసుకునేది.

"సన్నంది తీసుకోవ్వా. కడాకు కాల్తాది," అన్నాడు అంగడాయన ఒకసారి.

"ఆయన సన్నంది ముట్టడప్పా. సచ్చినోన్ని మోసం చేయమంటావా?" అంది అవ్వ.

ఏటా తలుపు తీసేసరికి చుట్ట సగం కాలి చల్లబడి ఉండేది. ఆ రోజు అవ్వకు ఓళిగ సహించేది కాదు.

ఒక ఏడు చినుకు లేక శెనక్కాయ చేలోనే మాడిపోయింది. అయినా అవ్వ సంతకు పోయి లావు చుట్టే తెచ్చింది. అందరూ బయటికి వస్తుంటే తను మాత్రం లోపలే ఉంటానంది. కొంగు పట్టుకుని వదలని నన్నూ ఉంచుకుని తలుపు మూసింది. విస్తట్లో చుట్ట పొగ సన్నబడుతోంది.

"ఎవురూ పీల్చకుంటే ఆరిపోతాది కదవ్వా," అన్నాను. "తాత గూడా మల్లా మల్లా అంటిస్తాండె."

అవ్వ నా వంక అలాగే చూసింది. తర్వాత చుట్ట తీసి నోట్లో పెట్టుకుంది. మొదటి దమ్ముకే దగ్గుతో కళ్లనిండా నీళ్లు. రెండోది మెల్లగా పీల్చి, పొగ మింగకుండా వదిలింది. బూడిద దులపలేదు. వేళ్లు చురుక్కుమనేదాకా తాగి, పీకను విస్తట్లో పెట్టి, "తాగినాడు పాపా," అంది.

తలుపు తీశాక నాయన ఆ పీకను చూసి చేతులు జోడించాడు. అవ్వ ఆ రోజు ఓళిగలు అడిగి మరీ వడ్డించుకుంది. అప్పటినుంచి ఏటా అవ్వా నేనూ లోపలే ఉండేవాళ్లం. కొన్నేళ్లకు సంతలో చుట్ట వాసన చూసేటప్పుడు ఆమె మొహంలో వెలుగు ఒక్క తాత కోసమేనా అని నాకు అనుమానం కూడా వచ్చేది.

ఇప్పుడు సంతలో పొగాకు వరసే లేదు, మా చేలు బీళ్లయ్యాయి, అవ్వా లేదు. కొన్నేళ్లుగా తాత విస్తట్లో వెలిగించని సిగరెట్ పెడుతున్నారు. ఈసారి నేను బస్టాండు ముసలాయన దగ్గర రెండు చుట్టలు తెచ్చి, ఒకటి అవ్వ విస్తట్లో పెట్టాను.

"అవ్వకు యాడిదొదినా ఈ అలవాటు?" అంది మా తమ్ముడి భార్య.

అందరినీ బయటికి పొమ్మన్నాను. నాయన కర్ర ఊతంతో అందరికన్నా చివర లేచి, గడప దగ్గర ఆగి అగ్గిపెట్టె నా చేతికిచ్చాడు.

"దగ్గొస్తే కొంగు అడ్డం పెట్టుకో పాపా," అన్నాడు. "మీ అవ్వ దగ్గు బయటికి వినపడతాండె."