వంటింటి ముక్కాలిపీట

ఈ రోజు పొద్దున్న పదిగంటలవేళ మా కోడలు ఇంకా మంచం మీదే ఉండడం చూసి నోరు ఊరుకోక, "ఏటమ్మా, పగలూ పడకేనా? మెడాపరేషనై నాలుగు నెల్లయింది కదా!" అనేశాను. ఆమె లేచి, గోడకు అరచెయ్యి ఆన్చి ఒక్క క్షణం ఆగి, వంటింట్లోకి వెళ్ళింది. అలా గోడ ఆసరా తీసుకోవడం నేను ఇదివరకు నా భార్య దగ్గర చూశాను. చూసి కూడా ఆ మాట అన్నానే అని అప్పటినుంచీ మనసు మనసులో లేదు.

డెబ్భయ్యో దశకం మొదట్లో, నేను చోడవరంలో కొత్తగా మేష్టరీ చేస్తున్న రోజుల్లో, నా భార్యకు మెడముందు గడ్డ లేస్తే విశాఖపట్నం తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించాను. కొన్నాళ్ళు నీరసం ఉంటుంది, మళ్ళీ తెచ్చి చూపించమన్నాడు డాక్టరు. గడ్డే పోయాక చూపించడానికేముంది అనుకున్నాను. కుట్లు మానిన రోజే ఆమెకు నయమైపోయిందని నేనే తీర్మానించేశాను.

అంతకుముందు ఆమె నడిస్తే పక్కవాళ్ళు పరుగెత్తాల్సి వచ్చేది. అలాంటి మనిషి రెండు బిందెల నీళ్ళు తెచ్చి మూడోదానికి వెళ్ళబోతూ గుమ్మంలో కూలబడేది, ఎండాకాలంలోనూ దుప్పటి కప్పుకునేది, ఏదో చెప్పబోయి మధ్యలో మరిచిపోయి, ఆ మాట నా దగ్గరేమైనా ఉందేమో అన్నట్టు నా మొహంలోకి చూసేది. నేను దానికి బద్ధకం అని పేరు పెట్టాను. మా అమ్మతో అన్నాను, తోటి మేష్టర్లతో నవ్వుతూ కూడా అన్నాను.

నిలబడి వండుకునే సిమెంటు గట్లు అప్పుడప్పుడే వస్తున్నాయి. మా వీధిలో మొదటి గట్టు మాదేనని నాకు గొప్ప. దాని ముందు నా భార్య ముక్కాలిపీట వేసుకుని, కూర్చుని కలియబెడుతుండేది. ఒకనాడు బుచ్చయ్యపేట నుంచి మా ఊరి చక్కెర ఫ్యాక్టరీకి చెరకుబండి తోలుకొచ్చిన మా మేనత్త కొడుకు భోజనానికి కూర్చుని, "ఏటి బావా, నిలబడి వండడానికి గట్టు కట్టించేవు సరే, మా సెల్లెమ్మకి సింహాసనం కూడా ఏయించేవేటి?" అన్నాడు. అందరం నవ్వాం. ఆమె కూడా నవ్వింది. అతని బండి వీధి మలుపు తిరగ్గానే నేను ఆ పీట తీసి అటకమీద పడేశాను. "కాళ్ళు నిలవట్లేదండీ," అంది ఆమె. వినబడనట్టు వాకిట్లోకి పోయాను.

ఆ తరవాత నాలుగేళ్ళు ఆమె గోడకు భుజం ఆన్చి వండింది. ఆ చోట ఒక జిడ్డుమరక పడింది. ఏటా సున్నం వేయించేవాణ్ణి, ఆరిన నాలుగు రోజులకే మళ్ళీ భుజమంత మేర పైకి తేలేది. చివరికి, జ్వరానికని అనకాపల్లి తీసుకెళ్తే అక్కడి డాక్టరు ఆమె మెడమీది మచ్చ చూసి, నన్ను బయటికి పిలిచి, ఇన్నాళ్ళూ ఈవిణ్ణి ఎలా వదిలేశారని అడిగాడు. ఆయన రాసిందల్లా రోజూ పరగడుపున వేసుకునే ఒక చిన్న థైరాయిడ్ మాత్ర. మూడు నెలలు తిరక్కుండానే మనిషి తేరుకుంది. నేను పీట దించి గట్టు దగ్గర పెట్టాను. ఆమె దానిని మూలకు జరిపి ఊరగాయ జాడీ పెట్టుకుంది. పోయేదాకా ఆ వంటింట్లో మళ్ళీ కూర్చోలేదు. ఒక్కసారైనా నన్ను నిలదీయలేదు. నిలదీసి ఉంటే ఈ వయసులో నాకింత బరువు ఉండేది కాదేమో.

ఇప్పుడు ఆ మాత్రల సీసా ఎవరింటికి వెళ్ళినా ఫ్రిజ్ మీద కనబడుతుంది, దాని పేరు చిన్నపిల్లలకు కూడా తెలుసు. మా గోడకు టైల్స్ అతికించారు, మరక లోపలెక్కడో ఉండిపోయింది. ఇన్ని మారాయి గాని నా నోరు మారలేదు.

వంటింట్లోకి వెళ్ళి జాడీ దించి, పీట తుడిచి, కోడలి వెనక వేశాను. "తప్పు మాటన్నానమ్మా. ఎల్లి పడుకో," అన్నాను.

"ఏటీ లేదు మావయ్యా, ఈ కూరొక్కటీ అయిపోతే..."

"అయితే కూర్చో. నువ్వు సెప్పు, నేను కలుపుతాను."

ఆమె నా మొహం చూసి, మెల్లగా కూర్చుంది. కూర్చునే ఉప్పెంతో చెప్పింది, మంట తగ్గించమంది. నేను ఆ గోడకు భుజం ఆన్చి గరిటె తిప్పాను. టైల్స్ చల్లగా తగిలాయి. కాసేపటికే కాళ్ళు పీకడం మొదలయింది. కూర దిగేదాకా నేను కూర్చోలేదు.