లోపాలక్క అమ్మిన ఇల్లు

ఆమె ఇళ్లు చూపించే మనిషి. అద్దెకైనా, కొనడానికైనా, ఆ సముద్రపు ఊళ్లో ఇల్లు కావలసినవాళ్లు ముందు ఆమె గడపే తొక్కేవాళ్లు. కన్నవాళ్లు పెట్టిన పేరొకటి ఉండేది కానీ అది కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనిపించేది కాదు. ఊరందరికీ ఆమె లోపాలక్క.

మిగతా బ్రోకర్లు తలుపు తీస్తూనే గాలి చూడండి, వెలుతురు చూడండి అని అందుకుంటారు. ఈమె తాళం తీయకముందే లోపాలు ఏకరువు పెట్టేది.

"వంటింట్లో ఇద్దరు నిలబడితే ఒకరు బయటికి రావాల్సిందే. పక్కింటాయన తెల్లారకుండానే పాట ఎత్తుకుంటాడు, గొంతు బాగోదు. పడమటి గదిలో మధ్యాహ్నం పడుకుంటే వేగిపోతారు. ఇవన్నీ సరే అనుకుంటేనే లోపలికి రండి."

లోపలికి వెళ్లాక సంచిలోంచి మడత స్టూలు తీసేది. ఆ ఇంట్లో వంట చేయబోయేది ఎవరో కనుక్కుని, ఆ మనిషిని వంటింట్లో పది నిమిషాలు మాటా పలుకూ లేకుండా కూర్చోబెట్టేది. తర్వాత కుళాయిలన్నీ ఒకేసారి తిప్పేది. చివరికి వంగి గోడల అడుగులు చూపించేది.

"సముద్రం పక్క ఇల్లంటే మొహం చూసి మోసపోకూడదు, కాళ్లు చూడాలి. చెమ్మ ఉన్నచోట ఉప్పు పువ్వులా పూస్తుంది. రంగేసి కప్పెట్టినా నాలుగు నెలలకి మళ్లీ పూస్తుంది."

ఈ పట్టింపు వెనక పాత సంగతి ఒకటి ఉంది. ఈ పనిలోకి దిగిన కొత్తలో, తెలిసి తెలిసీ నోరు మూసుకుని, ఒక చెమ్మ ఇంటిని బాలింతకు అద్దెకు ఇప్పించింది. మూడు నెలలకు ఆ పిల్ల వచ్చి, దగ్గుతున్న బిడ్డను ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకుంటూ, తాళంచెవి ఈమె చేతిలో పెట్టి వెళ్లిపోయింది. పల్లెత్తు మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదని లోపాలక్క చివరిదాకా అనుకునేది.

ఆమె భర్త లిఫ్టు మెకానిక్కు. "నేను జనాన్ని పైకి తీసుకెళ్తా, నువ్వు లోపలికి తీసుకెళ్తావు. మనం మాత్రం ఎప్పటికీ అద్దెలోనే!" అని నవ్వేవాడు. వాళ్లుండేది బీచి రోడ్డుకు రెండు వీధుల వెనక, ఎత్తయిన అరుగు మీద కట్టిన రెండు గదుల ఇంట్లో. ఎక్కడానికి వీధి వైపు ఏడు మెట్లు. మేస్త్రీ ఏ ధ్యాసలో ఉన్నాడో గానీ ఐదో మెట్టు మిగతావాటికన్నా బొటనవేలంత ఎత్తు వచ్చింది. కొత్తగా వచ్చినవాళ్లందరూ అక్కడ తూలేవాళ్లు. పంతొమ్మిదేళ్లలో మొగుడూ పెళ్లాల కాళ్లకు మాత్రం అది కంఠతా వచ్చేసింది.

ఈలోగా ఊరు ఊరులా లేకుండా పోయింది. రేవు పెద్దదైంది, ఆసుపత్రి వచ్చింది, దాని వెనకే పదేసి అంతస్తుల మేడలు లేచాయి. సముద్రం వైపు ఇళ్లన్నీ ఎక్కడెక్కడివాళ్లో కొని తాళాలు వేసుకున్నారు. సాయంత్రం అటు నడిస్తే వరసకు ఒక కిటికీలో దీపం వెలిగితే గొప్ప. ఆసుపత్రిలో పనిచేసేవాళ్లూ, బడిలో పాఠాలు చెప్పేవాళ్లూ గంటన్నర బస్సులో వేలాడుతూ వచ్చేవాళ్లు. "ఊరు పెరుగుతోందట. ఉండేవాళ్లకి మాత్రం పట్టట్లేదు," అనేది లోపాలక్క.

ఒకరోజు ఇంటి ఓనరు వచ్చాడు. ఒకప్పుడు మందుల కొట్టు నడిపిన మనిషి, అక్కా అని నోరారా పిలిచేవాడు. టీ గ్లాసు చల్లారిపోయేదాకా అటూ ఇటూ తిప్పి, అప్పుడు నోరు విప్పాడు.

"అక్కా, అన్నదమ్ములు వాటాలు అడుగుతున్నారు. ఇల్లు అమ్మక తప్పదు. నువ్వే అమ్మిపెట్టు. నిన్ను కాదని ఇంకొకడికి చెప్తే బాగుండదు."

"ఎప్పటిలోగా?"

"వానలు వెళ్లేలోపు. ఎవరూ కొనకపోతే ఇంకో ఏడాది ఆగుతామన్నారు."

అతను మెట్లు దిగి వెళ్లాక మెకానిక్కు అన్నాడు, "మర్యాదగా మెడ కోయడమంటే ఇదేనేమో."

"అతని తప్పేముంది! ఇన్నేళ్లూ అద్దె పెంచమని ఒక్కసారి గట్టిగా అడిగాడా పాపం?" అంది లోపాలక్క. ఆ రాత్రి అన్నం కెలికి లేచిపోయింది. ఊళ్లో ప్రతి ఇంటి గుట్టూ తెలిసిన మనిషికి, తమకు అందే ఇల్లు ఊళ్లో ఒక్కటీ లేదనీ తెలుసు.

ఇక మిగిలింది ఒకటే దారి. వానలు వెళ్లేదాకా ఎవరూ కొనకుండా చూడాలి. అది తనకు చిటికెలో పని అనుకుంది. లోపాలు చెప్పడం తనకొకరు నేర్పాలా?

మొదట వచ్చిన దంపతులకు ఉన్నవన్నీ చెప్పింది. మెట్టు సంగతి, గాలివానకు కొట్టుకునే కిటికీ సంగతి, కుళాయి మూలుగు సంగతి. ఆ భర్త మొహం చాటంత చేసుకున్నాడు. "అంతేనా అక్కా? నువ్వు వెతికితే దొరికినవి ఇవేనంటే ఇల్లు బంగారమన్నమాట!" కారు పెట్టుకునే చోటు లేదని అతని భార్య పేచీ పెట్టబట్టి ఆ గండం గడిచింది. ముప్ఫై ఏళ్లు నిజం చెప్పినందుకు, ఇప్పుడు ఆమె లోపం చెప్పినా అది హామీ అయి కూర్చుంటోంది.

రెండోసారి ఆసుపత్రి నర్సూ, ఆమె అత్తగారూ వచ్చారు. వాళ్లకు ఏడాదిలో పద్నాలుగు ఇళ్లు చూపించింది. ఒకటి చెమ్మ, ఒకటి చీకటి, మిగతావి అందనంత ధర. కలిసేది ఎప్పుడూ ఆ ఇళ్ల దగ్గరే కాబట్టి ఈమె ఉండేది ఎక్కడో వాళ్లకు తెలియదు.

"రాగానే లోపాలు మొదలెట్టకమ్మాయ్, కాస్త ఊపిరి తీసుకోనీ," అంది పెద్దావిడ కింది మెట్టు దగ్గరే ఆగి. "మా కోడలు చీకట్లో వెళ్లి చీకట్లో వస్తుంది. దాని కూతురు బడి పుస్తకంలో అమ్మ బొమ్మ గియ్యమంటే బస్సు గీసింది."

"ఊరుకోండి అత్తయ్యా, ఊరంతా చెప్పాలా?" అంది నర్సు. నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు.

లోపాలక్క వాళ్ల మొహాల వంక చూడలేదు. వీధి వంక చూస్తూ అంది, "పిన్నిగారూ, పెద్దవాన పడితే సముద్రం నీళ్లు ఎగదన్ని మూడో మెట్టు దాకా వస్తాయి. ప్రతి ఏడూ అంతే."

పెద్దావిడ మోకాళ్లు పట్టుకుని మెల్లగా వంగింది. మెట్ల పక్క గోడ అడుగున వేలితో రాసి, ఆ వేలు వెలుతురులో చూసుకుంది.

"ఉప్పు పువ్వు ఏదమ్మాయ్? మొహం కాదు, కాళ్లు చూడమని నువ్వేగా నేర్పావు. ఈ గోడకు రంగేసి పదేళ్లయినట్టుంది. ఏటా ఉప్పునీళ్లు తాగిన గోడ ఇలా ఉంటుందా?"

లోపాలక్క పెద్దావిడ వైపు తిరిగింది. "లేదు పిన్నిగారూ. నీళ్లు రావు. అబద్ధం చెప్పాను," అంది.

"నువ్వా? ఎందుకు?"

"ఇక్కడ ఉంటున్నది మేమే. పంతొమ్మిదేళ్లుగా."

నర్సు అత్తగారి చెయ్యి పట్టుకుంది. "వద్దులెండి అత్తయ్యా, వెళ్దాం పదండి. ఇంకోటి దొరుకుతుంది."

"దొరకదు," అంది లోపాలక్క. "నాకు తెలుసుగా. దొరకదు."

లోపాలక్క సంచిలోంచి స్టూలు తీసి నర్సు చేతికిచ్చింది. "వెళ్లి వంటింట్లో కూర్చోమ్మా. పది నిమిషాలు. ఐదో మెట్టు ఎత్తు, చూసుకో."

ఆ రోజు వాళ్లకు అన్నీ చెప్పింది. లోపాలు ముగిశాక పెద్దావిడ, "మరి మంచివో?" అని అడిగితే ఖంగు తింది. ముప్ఫై ఏళ్లలో ఎవరికీ చెప్పని మాటలు అవి. తడుముకుంటూ మొదలుపెట్టింది. ఏ కిటికీ ఎంత తీస్తే గాలి మంచం మీదికి వస్తుందో, వెనక గదిలో ఎక్కడ కూర్చుంటే సముద్రం వినబడుతుందో, జ్వరంగా ఉన్నప్పుడు ఏ గచ్చు చల్లగా ఉంటుందో. మెకానిక్కు పని నుంచి వచ్చి గుమ్మంలో నిలబడి, అడ్డురాకుండా అంతా విన్నాడు.

వానలు వెళ్లకముందే ఇల్లు నర్సు వాళ్లకే అమ్ముడైంది. వీళ్లు ఊరి అవతల బస్సు డిపో వెనక మూడో అంతస్తుకు మారారు. సామాను దించిన సాయంత్రం మెకానిక్కు ఆమె స్టూలు తెచ్చి గది మధ్యలో వేశాడు.

"ఊఁ, కానివ్వు. లోపాలు చెప్పు."

"నీళ్లు రెండు పూటలే. బస్సుల రొద. లిఫ్టు పనిచెయ్యదు."

"అది నాకొదిలేయ్. ఇంకా?"

"సముద్రం వినబడదు."

"సరే అనుకుంటేనే లోపలికి రా," అన్నాడు. ఆమె పక్కున నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కొంగుతో మొహం తుడుచుకుంది.

అక్కడ ఏడేళ్లు బతికింది. ఇల్లు కావలసినవాళ్లు బస్సెక్కి అక్కడికీ వచ్చేవాళ్లు.

ఆమె పోయిన నాలుగో రోజున, ఆ మాట నర్సు వాళ్లకు ఫోనులో చెప్పడానికి మనసొప్పక, మెకానిక్కు పాత వీధికి వెళ్లాడు. పెద్దావిడ అరుగు మీద కూర్చుని ఉంది. ఆమెకు చూపు బాగా తగ్గింది. వచ్చింది ఎవరో పోల్చుకోలేదు. అడుగుల చప్పుడు వినగానే, వచ్చిన ప్రతివాళ్లకీ చెప్పే మాటే అతనికీ చెప్పింది.

"ఐదో మెట్టు ఎత్తు బాబూ, చూసుకో."

"చూసుకుంటానమ్మా," అన్నాడతను. కంఠతా వచ్చిన ఆ మెట్టు దగ్గర ఆగి, కొత్తవాడిలా పాదం ఎత్తి వేశాడు.