అడ్రస్‌లో ఒక ప్లస్ గుర్తు

మా చెల్లెకు మానుకోట దవాఖానలో కాన్పయిన పొద్దున మా మరిది ఫోన్ చేశాడు.

"వదినె, పాప మంచిగనే ఉన్నది. చెల్లెకే రక్తం బాగ పోయిందంట. బి పాజిటివ్ జల్ది తెమ్మంటున్రు. నీ సైట్ల చూస్తే ఒక్కలు గూడ లేరని వస్తున్నది."

నాకు ముందు కోపం వచ్చింది, భయం తరువాత వేసింది. నా వరస ఎప్పుడూ అంతే. ఆ సైటు రాసింది నేనే. జనగామ, మేం మానుకోట అనే మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో రక్తం ఇవ్వగలిగినవాళ్లు తమ గ్రూపు, ఫోన్ నంబరు అందులో పెడతారు. అవసరమైనవాళ్లు వెతుక్కుంటారు. నా ఉద్యోగం వేరు, ఇది జనగామలో ఇంటి నుంచి ఖాళీ దొరికినప్పుడు చేసే పని. బి పాజిటివ్ వాళ్లు అందులో బోలెడంత మంది ఉన్నారని నాకు తెలుసు.

"సరిగ్గ కొట్టినవా? ప్లస్సో మైనస్సో పెట్టకుంటే అదెట్ల చెప్తది?"

"పెట్టిన వదినె. ప్లస్ పెట్టిన."

"పెడితే రావాలె గద!"

"ఒట్టు వదినె," అన్నాడు. అప్పుడు గానీ నా నోరు మూతపడలేదు.

సైటు వెనక ఉన్న అసలు జాబితా తెరిచి నేనే ఫోన్లు మొదలుపెట్టాను. ఒకరు ఎత్తలేదు. ఇంకొకరు ఊళ్లో లేరు. తొర్రూరులో ఒక బడి సారు మాత్రం, "మానుకోటకేనా? పరేషాన్ గాకు బిడ్డా, బండి తీస్తున్న," అన్నాడు. ఆయన నంబరు మరిదికి పంపి, చేతికందిన సంచీలో ల్యాప్‌టాప్ పడేసి స్టేషన్‌కు పరుగెత్తాను.

రైల్లో సీటు దొరికినా కూర్చోలేకపోయాను. తలుపు దగ్గరికి వెళ్లడం, రావడం, ఫోన్ చూడడం. సారు ఇంకా దారిలోనే ఉన్నాడు. ఊరికే ఉంటే పిచ్చెక్కుతుందనిపించి సీట్లో కూలబడి ల్యాప్‌టాప్ తెరిచాను. ఎవరు ఏం వెతికారో నా ప్రోగ్రాం ఒక చోట రాసిపెడుతుంది. మరిది వెతికిన చోట 'B' అని ఒక్క అక్షరమే ఉంది. ప్లస్ లేదు.

"చూసినవా, పెట్టలే!" అని పైకే అనేశాను. పక్కన కూర్చున్న ఆమె తన సంచీ జరిపి ఒళ్లో పెట్టుకుంది. చెల్లె అక్కడ అట్లా పడి ఉంటే, నా మాటే నెగ్గిందని నాకు సంతోషం! ఏం మనిషినో నేను.

అతనికి చూపించి మరీ దులిపేద్దామని ఇంకో చిట్టా తెరిచాను. అది సర్వర్ తనకు తాను రాసుకునేది. ఏం వెతుకుతున్నారో తనలోనే మోసుకుంటూ ఫోన్ నుంచి వచ్చిన అడ్రస్‌ను ఎవరూ విప్పకముందు, ఎవరూ శుభ్రం చెయ్యకముందు, ఉన్నదున్నట్టు దింపుకుంటుంది. ప్రశ్నార్థకం తరువాత ఇలా ఉంది: group=B+&district=mahabubabad.

ప్లస్ ఉంది. అతను పెట్టాడు.

వెబ్ అడ్రస్‌లో ప్రశ్నార్థకం తరువాత వచ్చే ప్లస్‌కు ఖాళీ జాగా అని అర్థం. ఎప్పటి నుంచో ఉన్న ఆనవాయితీ అది, నాకు తెలియనిదీ కాదు. సైటులో ఉన్న ఫారం నింపితే ఆ ప్లస్‌ను బ్రౌజర్ వేరే గుర్తులుగా మార్చి భద్రంగా పంపుతుంది. నేను ఎప్పుడు పరీక్షించినా ఫారం నింపే చూశాను. కానీ మావాళ్లలో ఫారం నింపే ఓపిక ఎవరికుంది? తొర్రూరులో ఒక ఆటో అన్న, తన వాళ్లకెవరికో ఓ నెగెటివ్ రక్తం దొరికిన అడ్రస్‌ను దాచుకున్నాడు. ఎవరు రక్తం కావాలన్నా అందులో అక్షరాలు చేత్తో మార్చి వాట్సాప్‌లో పెట్టడం ఆయన అలవాటు. మరిదికీ ఆయనే పంపాడని తరువాత తెలిసింది, అందులో గ్రూపు మార్చుకున్నది మాత్రం మరిదే. మైనస్‌కు అడ్రస్‌లో వేరే అర్థం లేదు కాబట్టి అది నిక్షేపంగా చేరుతుంది. ప్లస్ ఖాళీ అయిపోతుంది, ఆ ఖాళీని నా ప్రోగ్రాం చెత్త అనుకుని ఊడ్చేసి, మిగిలిన ఒక్క అక్షరం ఏ గ్రూపుకూ సరిపోక ఎవరూ లేరని చెబుతుంది. అరుదైన రక్తం దొరికింది, ఇంటింటా ఉండే రక్తం దొరకలేదు.

వరంగల్ రాకముందే సరిచేశాను. మార్చింది రెండు లైన్లు. కాసేపటికి ఫోన్ మోగింది. "సారు వచ్చిండు వదినె, ఇస్తున్నడు." ఆ సంచీ ఆమె పక్కనే నిలబడి ఏడ్చేశాను. ఆమె ఏమీ అడగకుండా నీళ్ల బాటిల్ ఇచ్చింది.

నేను చేరేసరికి చెల్లె నిద్రపోతోంది. రక్తం ఎక్కుతోంది, పెదాలకు కొంచెం రంగు వచ్చింది. బయట మరిదితో, "నువ్వు ప్లస్ పెట్టినవ్," అన్నాను.

"నేను అప్పటిసంది గదే చెప్తున్న గద," అని నవ్వి, చాయ్ తెస్తానని వెళ్లాడు.

అక్కడితో ల్యాప్‌టాప్ మూసి పాపను ఎత్తుకుంటే బాగుండేది. కాళ్లూ చేతులూ నిలవలేదు. వరండాలో బెంచీ మీద కూర్చుని ఆ చిట్టాను పైకి జరుపుకుంటూ పోయాను. ఆటో అన్న అడ్రస్ మూడు జిల్లాలూ తిరిగింది. ఎ ప్లస్, బి ప్లస్, ఓ ప్లస్. అన్నిటికీ నా సైటు ఒకటే జవాబు చెప్పింది.

ఒక చోట భూపాలపల్లి, ఓ ప్లస్. ఒకటే ఫోన్ నుంచి మళ్లీ అదే. మళ్లీ అదే. తరువాత పెద్ద అక్షరం బదులు చిన్న అక్షరం పెట్టి చూశారు. జిల్లా పేరు తీసేసి చూశారు. ఫోన్ చేస్తే తిట్టి అయినా వెతికిపెట్టడానికి వాళ్లకు నాలాంటి వదినె లేదు. వెతికేవాళ్ల పేరు, నంబరు నా సైటు అడగదు, కాబట్టి వాళ్లెవరో నేనూ కనుక్కోలేను.

లోపల పాప ఏడుస్తోంది. చెల్లె లేచినట్టుంది, "అక్కా," అని పిలిచింది. వస్తున్నా అన్నాను గానీ లేవలేకపోయాను.

చివరిసారి వాళ్లు రెండు ప్లస్‌లు పెట్టారు. ఆ తరువాత మళ్లీ అడగలేదు.