ఎల్లుండి మీట

ఆ రోజుల్లో నాకు కంప్యూటరంటే భయం లేదు, మనుషులంటేనే భయం. డిగ్రీ కాగానే జనగామలో ఒక డీటీపీ షాపులో ఆపరేటర్‌గా చేరాను. షాపు యజమానిని ఊరంతా అన్న అనేది, నేనూ అలాగే పిలిచేదాన్ని. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం కరపత్రాలన్నీ మా దగ్గరే తయారయ్యేవి. తేదీ కోసం మీట నొక్కితే మా సాఫ్ట్‌వేర్ నెల ముందు, రోజు వెనక, అదీ ఇంగ్లిషులో వేసేది. నేను వారం రోజులు కుస్తీ పట్టి, తెలుగులో వారం పేరుతో సహా పడేలా మార్చాను. అంతటితో ఊరుకున్నానా? బందులన్నీ ఎల్లుండికే పిలిచేవారు కాబట్టి, ఎల్లుండి తేదీని లెక్కగట్టి వేసే మీట కూడా ఒకటి చేసిపెట్టాను. "మా చెల్లె మెషిన్‌కు తెలుగు నేర్పింది" అని అన్న వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. (నేను తల వంచుకుని తెగ మురిసిపోయేదాన్ని.)

ఒక సోమవారం బంద్ కరపత్రం తయారుచేసి ఆ మీట నొక్కాను. బుధవారం అని పడింది. జనగామకు కావలసినవి అప్పుడే ప్రింటు తీశాం. నెల్లికుదురు ఊరికి కావలసినవి మంగళవారం పొద్దున అదే ఫైలు తెరిచి తీసి, చదవకుండానే కట్ట కట్టి బస్సులో పంపాను. బుధవారం బంద్ జోరుగా జరిగింది. గురువారం షాపు తెరిచి, నెల్లికుదురు కట్టలో మిగిలిన కాగితం ఒకటి చేతిలోకి తీసుకున్నాను. బంద్ గురువారం అని ఉంది. ఫైలు తెరిచినప్పుడల్లా నా మీట ఎల్లుండిని కొత్తగా లెక్కగడుతోందన్నమాట.

అప్పుడే ఫోన్ మోగింది. పొద్దున్నే నెల్లికుదురు వెళ్లిన అన్న. "నువ్వేడికి పోకు. నేనొస్తున్న" అని పెట్టేశాడు.

అంతకుముందు బంద్ రోజున సగం షట్టర్ ఎత్తినందుకే ఒకాయనను బజార్లో అందరూ ద్రోహి అన్నారు. నేను ఊరికి ఊరినే తప్పుదారి పట్టించాను. నన్ను మా నాయిన ముందు నిలబెట్టి అదే మాట అంటే? ఫైలు చెరిపేద్దామనుకున్నాను. కరెంటు మీదికి నెట్టేద్దామనుకున్నాను (ఆ రోజుల్లో ఏ నేరమైనా కరెంటే మోసేది). రెండూ చెయ్యకుండా వాకిలి వైపే చూస్తూ కూర్చున్నాను.

అన్న రాగానే, "అన్నా, తప్పు నాదే. తారీఖు దానంతటదే మారింది. నేను చూస్కోలే" అని ఏడ్చేశాను.

అన్న కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "నిన్న టీవీల చూసి బంద్ చేసిన్రట. ఇయ్యాల కాగితంల ఉన్నదని మళ్ల చేసిన్రు. రెండు దినాలెందుకని ఒక్కలు గూడ అడుగలే. నాకే మొఖం చెల్లలే. రేపు నువ్వే వచ్చి చెప్పు."

మర్నాడు బస్సులో దారి పొడుగునా క్షమాపణ వల్లెవేసుకున్నాను. బస్టాండు పక్కన మిర్చి బజ్జీలు వేసే అవ్వతో మొదలుపెట్టమన్నాడు అన్న. చూపించడానికి తప్పు కాగితం చేత్తో పట్టుకుని ముందుకు వెళ్లాను. ఆమె అన్నను చూసింది, నా చేతిలో కాగితాన్ని చూసింది. పొయ్యిలో కట్టె వెనక్కి లాగింది.

"ఇయ్యాల గూడనా బిడ్డా? జర గీ వాయి తియ్యనియ్యి, బంద్ చేస్త."

"కాదవ్వా" అన్నాను. ఆమె కట్టెను మళ్లీ లోపలికి తోసి, "అయితే తిను" అని నాలుగు బజ్జీలు పెట్టింది. క్షమాపణ చెప్పడానికి వెళ్లినదాన్ని, బజ్జీలు తిని, కళ్లు తుడుచుకుని (మిరపకాయ ఘాటని అన్నతో అన్నాను), కాగితం సంచిలో దాచుకుని వచ్చేశాను. తిడతారని అంత వణికిపోయిన ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఎవరూ తిట్టకపోతే ఇంకా కష్టంగా ఉంటుందని ఆ పిల్లకు అప్పటికి తెలియదు, పాపం.